వాడు బంతిని చూడడు

కూర్చోండి. కూర్చోండంటున్నానా! కోచ్ ఎక్కడికీ పోడు. ఆట అయ్యాక చెబుదురుగాని, మా వాణ్ణి మాన్పించేస్తున్నానని. ఆట మధ్యలో లేచెళ్ళి ఎవరైనా మాట్లాడతారా ఆయనతో?

కాస్త నవ్వు మొహం పెట్టండి. ఆ టోపీ పెట్టుకున్నావిడ ఇటే చూస్తోంది. బంతి విసిరే కుర్రాడు, డానీ, వాళ్ళమ్మ. ఆవిడకి తెలుగు రాదులెండి. ఇక్కడ ఎవరికీ రాదు. అందుకే ఇంట్లో చెప్పకుండా ఇక్కడ చెబుతున్నాను. ఇంతమంది మధ్య మీరు గొంతు పెంచరు. చెయ్యీ ఎత్తరు.

అబ్బ, ఏం ఉక్క! మబ్బు అంత నల్లగా కమ్మింది, అయినా గాలే లేదు.

భువనని పిలవకండి. ఆ నీళ్ళ డబ్బా పక్కనే ఉండనివ్వండి. వచ్చేటప్పుడు నేనూ అన్నాను, డాడీ పక్కన కూర్చోవే అని. "ఇట్స్ ఓకే లా మమ్మీ, హియర్ ఈజ్ నైస్" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాటకి "లా" తగిలించి. ఆ ఉక్కలో నైస్ ఏంటో! రెండు వారాలుగా దానికి మీరు లేని చోటే నైస్. మీరు గమనించలేదా? గమనించే ఉంటారు.

అదిగో, మనవాడు. నల్ల చొక్కాల్లో చూడండి. డానీ పక్కన, ఒక అడుగు వెనగ్గా వంగి నుంచున్నాడే, వాడే. హెల్మెట్లలో అందరూ ఒకేలా ఉన్నారా? కన్నకొడుకు నిలబడే తీరు తెలీదూ మీకు?

"ఊరికే నిలబడతాడు, వాడి చేతికి బంతే రాదు, దీనికోసమా ఇంత చదువు పాడు చేసుకోవడం" అన్నారు కదా మొన్న. అవునండీ, రాదు. ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో వాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు, అంటే పేరుకి బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. పరిగెడతాడు కూడా ఒక్కోసారి. కానీ డానీ బంతి దూరంగా విసరాలనుకున్నప్పుడు వీడి పని వేరు. అవతలివాళ్ళు డానీని పడగొట్టడానికి మీదపడతారు. మన లావుపాటి పిల్లలు ఐదుగురు ముందు వరసలో అడ్డం నిలబడతారు. ఆ వరస సందులోంచి ఎవడైనా దూరి వచ్చాడనుకోండి, ఇక డానీకి మిగిలేది మనవాడొక్కడే. డానీ ఎక్కడికి విసరాలా అని దూరంగా చూస్తుంటాడు, పాపం. తన మీదకి ఏం వస్తోందో వాడికి కనపడదు. వాడి బదులు వీడు చూడాలి.

కబడ్డీలాగానా? కాదండీ. కబడ్డీలో పట్టుకోవచ్చు. ఇక్కడ పట్టుకుంటే తప్పు. అరచేతులతో ఆపాలి, తొయ్యాలి. అంతే.

ఆగండి, మొదలవుతోంది. బంతిని చూడకండి. అందరూ బంతినే చూస్తారు. మీరు కౌశిక్‌ని చూడండి, ఈ ఒక్కసారికి.

చూశారా! ఎడం పక్కనుంచి ఆ పోతులాంటివాడు వచ్చాడు, నడిమధ్యలోంచి సన్నటివాడు వచ్చాడు. మనవాడు పోతులాంటివాణ్ణి వదిలేసి సన్నటివాడికి ఎదురెళ్ళాడు. ఎందుకంటారు? మధ్యలోంచి వచ్చేవాడిది దగ్గర దారి. ఆ లావువాడు చుట్టూ తిరిగి వచ్చేసరికి బంతి వెళ్ళిపోయింది. ముందు లోపలివాణ్ణి చూడు, తర్వాతే బయటివాణ్ణి. వీళ్ళకి మొట్టమొదట నేర్పేది అదేనట. చెప్పుకోవడానికి తేలికే. రెప్పపాటులో తేల్చుకోవాలి మరి.

నాకెలా తెలుసా? మీకు శనివారాలు కూడా ఆఫీసే కదా. రిలీజ్ ఉందంటారు, సర్వర్ పడిపోయిందంటారు, చాంగీకి వెళ్ళిపోతారు. నేను భువనని తీసుకుని సెరంగూన్ నుంచి రెండు బస్సులు మారి ఇక్కడికొస్తాను. మొదట్లో దెబ్బ తగిలినప్పుడల్లా చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత కోచ్‌ని అడగడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు చూసి మీరు నవ్వుతారు. ఆయన నవ్వలేదు. గడ్డిలో నీళ్ళ సీసాలు పేర్చి మరీ చూపించాడు, ఇది డానీ, ఇది మీవాడు అని.

దీనికి బలం ఒక్కటే చాలదట. వేగమూ చాలదు. వచ్చేవాడు ఊపందుకునేదాకా నుంచుని ఉండకూడదు. అలాగని దూకకూడదు, దూకితే వాడు పక్కకి తప్పుకుని పోతాడు. రెండడుగులు ఎదురెళ్ళి, నడుం దించి, తల ఎత్తి, రెండు అరచేతులూ వాడి రొమ్ము మీద ఆనించాలి. కాళ్ళు ఆగకూడదు. తల దించాడా, మెడ విరుగుతుంది. ఇవన్నీ సరే, నేర్పొచ్చు. నేర్పలేనిది ఒకటుందిట, కళ్ళు మూసుకోకుండా ఉండటం. దెబ్బ వస్తుంటే ఎవరికైనా రెప్ప పడిపోతుంది కదా. మీకైనా నాకైనా. ఆ రెప్పని ఆపడానికే ఒక్కొక్క పిల్లాడికి ఏడాది పడుతుందన్నాడు.

మనవాడు మొదటి రోజే ఆర్పలేదట.

ఇంకో మాట కూడా చెప్పాడు. అవతలివాళ్ళలో నలుగురైదుగురు మీదకొస్తామన్నట్టు ఊగుతారు. నిజంగా వచ్చేది ఒకడో ఇద్దరో. ఆ వచ్చేవాడెవడో కౌశిక్‌కి ముందే తెలిసిపోతుందట. కాలి వేళ్ళ మీద బరువు చూస్తాడో, ఊపిరి చూస్తాడో! పెద్ద పెద్ద ఆటగాళ్ళకి కూడా రాదు మేడమ్ ఇది, అన్నాడు.

ఆయన ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోలేదు.

ఎందుకో మీకు తెలీదా? బెడోక్‌లో మన మొదటి ఫ్లాటు గుర్తుందా? వై టూ కే పనని మీరు ఈ దేశం వచ్చిన కొత్త. వాడికి ఏడేళ్ళు. ఇనప గేటు తాళం తీసే చప్పుడు వినపడగానే నేను వంటింట్లో స్టవ్ తగ్గించేదాన్ని. వాడు డ్రాయింగ్ పుస్తకం పట్టుకుని వచ్చి హాల్లో నేలమీద కూర్చునేవాడు. "డాడీ, ఏనుగు చూడు" అనేవాడు. పిల్లాడి ముచ్చట అనుకున్నాను. చాలా రోజులకి గానీ నాకు తట్టలేదు. మీరు మామూలుగా వచ్చిన రోజున వాడు గదిలోంచి బయటికే వచ్చేవాడు కాదు. ఆఫీసులో ఎవరో మిమ్మల్ని ఏదో అన్న రోజున మాత్రమే వచ్చేవాడు. ఎలా తెలిసేదో! తాళంచెవి గుచ్చే తీరులోనే తెలిసేదేమో. బూట్లు విడిచే చప్పుడులోనో. వచ్చి, మీకూ వంటింటి గుమ్మానికీ మధ్య కూర్చునేవాడు. ఎప్పుడూ అక్కడే.

అన్ని రోజులూ ఏనుగు పనిచెయ్యలేదు కదండీ.

ఇడ్లీ గట్టిగా ఉందన్న ఆ ఆదివారం. మీరు నా మీదకి విసిరిన స్టీలు గ్లాసు వాడి కనుబొమ్మకి తగిలింది. స్విమ్మింగ్ పూల్ దగ్గర జారాడని క్లినిక్‌లో మీరే చెప్పారు. డాక్టరు వాడి వంక చూస్తే వాడూ తలూపాడు. ఆ గ్లాసు వస్తున్నప్పుడు వాడు కళ్ళు మూసుకోలేదు. నేను చూశాను కదా, పక్కనే ఉన్నాను. వస్తున్న గ్లాసుని చూస్తూ ఒక్క అడుగు పక్కకి వేశాడు. తప్పుకోవడానికి కాదు, అడ్డం రావడానికి.

ఇప్పుడవన్నీ ఎందుకంటారు. ఇక్కడ ఎందుకంటారు. ఇక్కడైతే మీరు వింటారు గనక.

ఇదిగో, మళ్ళీ లైను కట్టారు. అవతలివాళ్ళు ఏదో గుసగుసలాడుకున్నారు. మనవాడి మీదే ఏదో పన్నాగం పన్నుంటారు. చూడండి, మధ్యలోవాడు ఎలా ఊగుతున్నాడో. వాడు రాడు. చూస్తుండండి, వాడు రాడు.

రాలేదు! బయటినుంచి... ఆ లావువాడు... అమ్మో!

ఏవండీ, కూర్చోండి. లేస్తాడు. అలాగే పడతాడు, లేస్తాడు. ఆ చప్పుడు ప్లాస్టిక్కుది, భుజాలకి వేసుకునే డొప్పలవి. ఎముకది కాదు. లేస్తాడండీ. అదిగో, మోకాలి మీదకొచ్చాడు. లేచాడు. డానీ బంతి విసిరేశాడుట, అందుకోవాల్సినవాడు అందుకున్నాడుట, వినండి ఆ చప్పట్లు. మనవాడి వైపు ఒక్కడైనా చూశాడా? వాడూ ఎవరి వైపూ చూడడు. మళ్ళీ వెళ్ళి తన చోట్లో నుంచున్నాడు.

ఇంకా నుంచునే ఉన్నారేం? కూర్చుని నీళ్ళు తాగండి.

మీకు వాడి మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనలేదండీ. వాడికి డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రి కుర్చీలో మీరు కూర్చున్నది నాకు గుర్తుంది. అందుకే కదా, ఇన్నేళ్ళూ ఏదో ఒక రోజు మారతారని చూస్తూ వచ్చాను. అనుకున్నాను, ఏం చెయ్యను!

భువన సంగతే చూడండి. దాని మీద ఇన్నేళ్ళలో మీ చెయ్యి పడలేదు. దానికి ఆ వంతు రాలేదనుకుని బతికాను. అది చేసిన పాపం ఏంటి? మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మీ ఫోను మోగింది. ఎత్తింది. "డాడీ స్లీపింగ్ లా, అంకుల్" అంది. అవతల మీ బాసని దానికేం తెలుసు? పదేళ్ళ పిల్ల. మీరు లేచి వచ్చి దాని జడ పట్టుకున్నారు. రెండో చెయ్యి లేచింది.

కౌశిక్ డైనింగ్ టేబులు దగ్గర అన్నం తింటున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. రెండడుగులు. నడుం దించి, తల ఎత్తి, ఎంగిలి చెయ్యితో సహా రెండు అరచేతులూ మీ రొమ్ము మీద. మీరు వెళ్ళి ఫ్రిజ్‌కి కొట్టుకుని పడ్డారు. పైనున్న పచ్చడి సీసా మీ పక్కనే పగిలింది.

బాత్రూంలో జారానని ఆఫీసులో చెప్పారట. చెప్పుకోండి. మన ఇంట్లో అందరం జారుతూనే ఉంటాం.

ఆ మర్నాడే అన్నారు, వాడికి ఆ ఆట మాన్పించేస్తాను, పొగరెక్కింది అని. పొగరు కాదండీ అది. పొగరైతే నాకింత భయం లేదు.

అదేం కూతా? సైరన్. పిడుగులు పడేట్టుంటే ఇక్కడ మోగిస్తారు, అందరూ నీడలోకి పోవాలి. ఆట ఆగిపోయింది. ఉండండి, పిల్లల్ని ముందు దిగనీయండి. భువన, చూశారా, వాళ్ళన్నయ్య దగ్గరికే పరిగెత్తింది.

కోచ్ ఇటే వస్తున్నాడు. మీకోసమే. ఆయన మెట్లెక్కి వచ్చేలోపు ఇది వినండి. పోయిన వారం ఆయన నన్నడిగాడు, ఈ పిల్లాడికి నాకన్నా ముందు ఎవరో నేర్పారు మేడమ్, ఎవరు, అని. నేను వాళ్ళ నాన్నగారు అన్నాను. వెటకారానికి అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. అప్పట్నుంచీ మిమ్మల్ని చూడాలని ఆయనకి ఒకటే ఉబలాటం.

మాన్పించాలంటే మాన్పించండి. తండ్రి మీరు, మీ మాటే చెల్లుతుంది. కానీ ఒకటి ఆలోచించుకోండి. ఇక్కడ ఈల ఊదితే వాడు ఆగుతాడు. ఎంత ఊపులో ఉన్నా సరే, ఈల వినపడితే చేతులు దించేస్తాడు. మన ఇంట్లో ఈల ఎవరూదుతారు?

మీరు ఫ్రిజ్ దగ్గర పడ్డప్పుడు నేను వెంటనే రాలేదు. మీకు గుర్తుండకపోవచ్చు. భువన ఏడుస్తోంది. నేను కౌశిక్ మొహం చూస్తున్నాను. కోపం ఉంటుందనుకున్నాను. మీకైతే కనీసం కోపం వస్తుంది, తర్వాత పోతుంది. వాడి మొహంలో ఏమీ లేదండీ. కాళ్ళు మాత్రం ఉన్నచోటే ఆడుతున్నాయి, ఇక్కడ ఆడినట్టే. మీరు లేస్తారా లేదా అని చూస్తున్నాడు. లేస్తే ఇంకోసారి వేస్తాడు. ఈసారి అరచేతులతో కాదు. నా కడుపున పుట్టినవాడు, నాకు తెలుసు.

తల్లిని కదా, "చాలు నాన్నా, వదిలెయ్" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది.

అనలేదు.

మీరే లేవకుండా పడి ఉన్నారు కాబట్టి సరిపోయింది. మళ్ళీ అలాంటి రోజొస్తే అంటానా అని రెండు వారాలుగా నన్ను నేనే అడుగుతున్నాను. బియ్యం కడుగుతూ అడుగుతున్నాను, బస్సులో అడుగుతున్నాను. అననండీ. నిజంగా అనను.

వచ్చేశాడు. లేవండి, ఆయన మీకు చెయ్యి చాపుతున్నాడు.