కానుకల పెట్టెలో పడిన దరఖాస్తు

నా పేరు కట్టా సరోజ. తండ్రి కీర్తిశేషులు మోషే. వయసు ముప్పై ఎనిమిది. తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్ని. లూథరన్ క్రైస్తవురాలిని. నివాసం రేపల్లె. ఈ కేసులో ముద్దాయి కృపమ్మ, వయసు డెబ్బై, మా అమ్మ. ఈ రోజు 26-8-1988, శుక్రవారం, రేపల్లె మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెప్తున్నాను.

చర్చిలో కానుకల పెట్టె తాళం పగలగొట్టింది మా అమ్మే. అందులోంచి తీసింది నా కవరు ఒక్కటే. డబ్బు తీయలేదు.

ముందు ఆ కవరు సంగతి చెప్పాలి. నిజాంపట్నం వైపు మడ అడవిలో ఒక రకం చెట్టు ఉంది. దాని విత్తనం కొమ్మ మీదే మొలకెత్తి, మొలక కిందికి వేలాడుతుంది. బురదలో పడ్డాక కొన్నిచోట్ల బతుకుతుంది, కొన్నిచోట్ల చచ్చిపోతుంది. ఉప్పెన తరవాత నాటిన మొలకలు చాలావరకు చచ్చిపోయాయి. ఎందుకో తెలుసుకోవాలని నా కోరిక. అలాంటి పరిశోధనకి ఢిల్లీలో ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ఇస్తుందన్న సంగతి తెలియడమే గగనం. ప్రకటన మా కాలేజీకి వస్తే ప్రిన్సిపాల్ గారి బల్ల మీద నిద్రపోతుంది. నా చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుంది. అందుకని తీరిక దొరికినప్పుడల్లా బాపట్ల వెళ్లి, అక్కడ లైబ్రరీలో పత్రికలు తిరగేసి ప్రకటనలు పట్టుకుంటాను.

ఇదివరకు పంపిన దరఖాస్తులన్నీ తిరిగొచ్చాయి. మీ కాలేజీలో లాబొరేటరీ లేదు గనక ఇవ్వలేమని ఒకసారి రాశారు. లాబొరేటరీ కోసమే కదండి నేను గ్రాంటు అడిగింది. ఏ జవాబులోనూ మొలకల మాట లేదు. ఎవరూ మొదటి పేజీ దాటలేదని అర్థమైంది. వేరేవాళ్ళు వేరే తీరాల్లో చేసిన పని గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్ళు తింటుంటే నేను ఆకలితో చూస్తూ కూర్చున్నట్టే ఉండేది.

ఈసారి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టి సీలు వేసింది శనివారం సాయంత్రం. ఆ సంతకం లేనిదే దరఖాస్తు చెల్లదు. మర్నాడే ఆయన నెలరోజుల సెలవు మీద వెళ్లిపోయారు. మళ్ళీ ఇంకోటి తయారు చేసే వీల్లేదు. ఆగస్టు ముప్పై ఒకటికి అది ఢిల్లీ చేరాలి. సోమవారం పోస్టాఫీసు తెరిచేలోపే నా తెనాలి బండి, అక్కడ దిగితే సాయంత్రందాకా క్లాసులు. రిజిస్టరు చేయించమని కవరు అమ్మకిచ్చి వెళ్లాను.

మా సంఘంలో ఒక అలవాటుంది. హాల్ టికెట్టైనా, ఉద్యోగం దరఖాస్తైనా ముందు బలిపీఠం మీద పెట్టి, పాస్టరు గారు ప్రార్థన చేశాకే బయటికి పోవాలి. నేను అది పట్టించుకోను. నేను పట్టించుకోకపోబట్టే ఇదివరకటివి తిరిగొచ్చాయని అమ్మ నమ్మకం. సోమవారం ఆమె చర్చికి వెళ్తే పాస్టరు గారు ఊళ్ళో లేరు. కానుకలతో పాటు దేవుడి దగ్గర కాసేపుంటే చాలనుకుని, కవరు మడిచి పెట్టె కంతలో వేసింది. కోశాధికారి యేసుదాసు గారిని అడిగితే తాళం తీసిస్తారనుకుంది. ఆయన కూడా తాళంచెవితో సహా గుంటూరు మీటింగుకి వెళ్లారు.

ఇది నాకు చెప్పలేదు. పోస్టు చేశావా అని రోజూ అడిగాను. చేరాల్సిన చోటే ఉందంది. నిన్న మధ్యాహ్నం పచ్చడిబండ పట్టుకెళ్లి తాళం పగలగొట్టి, పెట్టె మూయకుండానే పోస్టాఫీసుకి పరిగెత్తింది. రిజిస్ట్రేషన్ గుమస్తా భోజనానికి వెళ్లాడు. ఆమె మెట్ల మీద కూర్చుని ఉండగా, అప్పుడే ఊళ్ళోకి దిగిన యేసుదాసు గారు కానిస్టేబుల్ని వెంటబెట్టుకొచ్చారు. పెట్టె ఖాళీగా ఉందన్నారు. తెరిచి ఉన్న పెట్టెలోంచి డబ్బు ఎవరు తీశారో నాకు తెలియదు. ఆమె కొంగున దొరికింది స్టాంపులకు నేనిచ్చిన చిల్లరే. కవరు పోలీసువారు స్వాధీనం చేసుకున్నారు.

సాయంత్రం నేను స్టేషన్‌కి వెళ్లేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"డబ్బు కూడా నేనే తీశానని ఒప్పుకుంటానే అమ్మాయ్. అప్పుడిక కవరుతో వాళ్ళకి పనేంటి? ఇచ్చేస్తారు. ఇవాళ పంపితే అందుద్ది. నువ్వు ఊఁ అను, చాలు."

నేను వెంటనే వద్దనలేదు. అది కూడా రాసుకోండి. గోడ గడియారం వైపు చూశాను. టపా బండికి ఇంకా టైముంది. నాకు ఆ గ్రాంటు అంత కావాలండి. ఒక్క ఏడాది ఆ బురదలో నిలబడి, ఒక్కో మొలకకి గుర్తు కట్టి, ఏది బతికిందో నా కళ్ళతో చూడాలని ఉంది. తరవాత వద్దన్నాను. అమ్మ ఏడ్చింది.

కాబట్టి ముద్దాయి డబ్బు తీశానని తమరి ముందు చెప్తే నమ్మకండి. అది నా కోసం చెప్పే అబద్ధం. ఆమె పెట్టె ఎందుకు పగలగొట్టిందో చూపించడానికి ఆ కవరు తప్ప వేరే రుజువు లేదని ప్లీడరు గారన్నారు. అందుకని దాన్ని తిరిగి ఇమ్మని అడగను. గడువు పోతే పోనివ్వండి. కవరు కోర్టులోనే ఉంచండి.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని తమరు అడిగారు. ఒకటుంది. సాక్ష్యం కోసం కవరు విప్పాలి గదండి. విప్పినప్పుడు పై కాగితం చూసి పక్కన పెట్టేయకండి. లోపల మొలకల గురించి రాశాను. చివరిదాకా చదవండి. ఇంతవరకూ ఎవరూ చదవలేదు.

రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజమే.

సంతకం: కట్టా సరోజ