ఖాళీ కుర్చీ కొలత

చింతామణిలో పాత వ్యాన్లు అమ్మేచోట ఒక తల్లీ కొడుకూ మాట్లాడుకుంటున్నారు. కొడుకు తన బిడ్డ రంజితను కొత్త చక్రాల కుర్చీతో సహా ర్యాంపు మీదుగా వ్యానులోకి ఎక్కిస్తున్నాడు.

“ఆపప్పా, ఆపు! బిడ్డ తల పైన తగుల్తాండాది!”

“అయ్యో! కొలిచే కదమ్మా ఈ బండి చూసింది?”

“ఏం కొలిస్తివి?”

“కుర్చీని.”

“ఖాళీ కుర్చీనా? దాంట్లో గాలి కూర్చుంటాదా?”

“బిడ్డకు టేపు పెట్టనిస్తివా నువ్వు? పడుకున్నోళ్ళను కొలవరాదని నా చెయ్యి పట్టుకుంటివి.”

“మీ నాయన్ను పూడ్చే గుంతకు కొలుస్తాంటే ఈ కండ్లతో చూసినాను. ఆ భయం నాది.”

“ఎప్పుడూ మన చంకలో ఉండే బిడ్డ. ఇంత పొడుగుందని నాకేం తెలుసు?”

“నాకు మాత్రం తెలుసునా? నా ఒళ్ళో ముడుచుకుని పడుకునేది. కూర్చుంటే ఇంత పొడుగా నా తల్లి!”

“సోమవారమే స్కూలు మొదలు. తల వంచితే సరిపోతాదిలేమ్మా, ఇదే తీసుకుందాం.”

“దినామూ తల వంచుకుని పోవాల్నా? వద్దు. టేపు తీ. కూర్చోబెట్టే కొలువు.”

“నిజంగా కొలిచేదా?”

“కొలువు. ఆ కొలతకు ఇంకో జానెడు ఎక్కువుండే బండి చూడప్పా. బిడ్డ ఇంకా పెరుగుతాది.”