బావ నా చేతిలో పెట్టిన సానరాయి

అధ్యక్షస్థానంలో ఉన్న మా క్షురకుల సంఘం పెద్దాయనకు, పనిరోజైనా షాపులు మూసుకుని వచ్చిన తోటి పనివాళ్ళకు, ఇన్నేళ్ళుగా మెడలు మాకు అప్పగించి నిబ్బరంగా బతికేసిన మా ఖాతాదారులకు (నవ్వులు), ముందువరుసలో కూర్చుని "ఎక్కువ మాట్లాడకురా" అని కళ్ళతోనే చెబుతున్న మా అక్కకు, ఇవాళ్టితో కత్తి దించేస్తున్న మా బావకు నా నమస్కారాలు. బావా, జనాన్ని కూర్చోబెట్టి నువ్వు నిలబడటమే నీకు అలవాటు. ఈ ఒక్కపూట కాస్త ఓర్చుకో.

మా షాపులో రెండే కుర్చీలు. కిటికీ పక్కది ఆయనది, తలుపు దగ్గరది నాది. అక్క పెళ్ళితో చుట్టరికమైతే కలిసింది గానీ, మనిషి నాకు అర్థమైంది మాత్రం ఆ కుర్చీల మధ్యే. బ్లేడు మార్చుకునే కత్తులొచ్చి ఊరంతా వాటికి మారిపోయినా ఆయన మడతకత్తి వదల్లేదు, నన్నూ వదలనివ్వలేదు. "ఆ కత్తి పదును ఎక్కడ పట్టిస్తావయ్యా?" అని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు: "కత్తిదేముంది, అంతా రాయే."

నాకు మొదటి సానరాయి కొనడానికి ఆయనే వెంట వచ్చాడు. కొట్లో ఉన్న రాళ్ళన్నీ దింపించి, ఒక్కోదాని మీదా నాలుగు చుక్కల నీళ్ళు వేసి, గబగబా తాగేసిన వాటిని పక్కకు నెట్టేశాడు. నీళ్ళు అలాగే నిలబడ్డ రాళ్ళలో పలుకు సన్నగా ఉంటుందట. వాటిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, లోపల పగులున్న వాటిని బొంగురు చప్పుడును బట్టి తీసేశాడు. మిగిలిన వాటి మీద బొటనవేలి గోరు ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. ఎక్కడైనా ఒక్క గరుకు పలుకు తగిలితే చాలు, అది అంచును కొరికేస్తుంది. కొట్టాయనకు ఓపిక చచ్చిపోయి, "అయ్యా, రాయి కొంటున్నారా, సంబంధం చూస్తున్నారా?" అన్నాడు. బావ తలెత్తకుండానే, "సంబంధమప్పుడు ఇంత చూసుంటే ఇవాళ ఈ బామ్మర్దిని వెంటేసుకుని తిరిగేవాణ్ణా?" అన్నాడు. (నవ్వులు) అక్కా, అది ఆయన మాట. నా మీద కోపం పెట్టుకోకు.

ఇక నూరడం. కొత్తలో నేను బలమంతా పెట్టి రుద్దేవాణ్ణి. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా, కత్తి బరువు చాలదా?" అనేవాడు. కత్తి వీపూ అంచూ రెండూ రాతికి ఆనాలి, అంచు ముందుండి నడవాలి, తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పాలి. చెబితే ఇంతే. చేతికి రావడానికి మాత్రం నా వయసులో మంచి భాగం పోయింది. ఇంకొక కట్టుబాటు కూడా మా వాళ్ళందరికీ తెలుసు: ఒకరి రాయి ఇంకొకరు ముట్టుకోరు. ఎవరి చేతివాటానికి తగ్గట్టు వాళ్ళ రాయి అరుగుతుంది కాబట్టి. ఒకసారి పొరపాటున బావ రాయి మీద నా దువ్వెన పెట్టాను. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి మొన్నామధ్య పొద్దున్నే, షాపు తలుపులింకా సగమే తీసి ఉండగా, తన రాయి తెచ్చి నా చేతిలో పెట్టి "చూడు" అన్నాడు.

మన్నించండి. మంచినీళ్ళు ఇలా ఇవ్వండి.

అరిగిన రాయిని అద్దం మీద పరిచిన గరుకు కాగితంతో చదును చేసి, దాని మీద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, కత్తితో నాలుగైదు సార్లు నూరి చూస్తాం. కుదురైన చెయ్యి గీతలన్నిటినీ ఒక్కలాగే చెరుపుతుంది. బావ ఇచ్చిన రాతి మీద ఒక మూల గీతలు పూర్తిగా పోయాయి, రెండో మూల గీసినవి గీసినట్టే ఉన్నాయి. నేను రాయిని తిట్టాను. చదును సరిగ్గా రాలేదన్నాను. చివరికి నా రాయి ఇచ్చి, "దీని మీద చెయ్యి బావా" అన్నాను. చేశాడు. మళ్ళీ అదే మూల.

"రాయి మంచిదేరా. చెయ్యే వణుకుతోంది" అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇప్పటిదాకా ఒక్కరికి గాటు పడలేదు, ఒక్కరూ వేలెత్తి చూపలేదు, ఎందుకు మానాలి?" అని పోట్లాడాను. "గాటు పడ్డాక మానేస్తే దాన్ని మానెయ్యడం అనరు" అన్నాడు. కన్నకొడుకునైనా నమ్మని మనిషి మన కత్తి కింద కళ్ళు మూసుకుని కునుకు తీస్తాడు. ఆ నిద్రకు ఏమైనా అవుతుందేమోనని ఈయన భయం.

ఈ సభకు రానని మొండికేసి, చివరకు ఒక షరతు మీద వచ్చాడు. "వయసైపోయి విశ్రాంతి తీసుకుంటున్నాడని చెప్పొద్దు. చెయ్యి వణికి మానేశాడని చెప్పు." అంతమందిలో ఆ మాటెందుకు బావా అంటే, "అక్కడికి వచ్చేవాళ్ళలో చెయ్యి వణికేవాణ్ణి నేనొక్కణ్ణేనా? ఒకడు పైకి చెబితే మిగతావాళ్ళకు దారి దొరుకుతుంది" అన్నాడు.

అందుకే చెబుతున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, ఆడవాళ్ళున్న సభలో పూర్తిగా చెప్పను. (నవ్వులు) కానీ రేపు పొద్దున్న ఎవరి షాపులో వాళ్ళు, తలుపు వేసుకునైనా సరే, ఆ గీతలు గీసుకుని చూసుకోండి.

నేను చూసుకున్నాను. ప్రస్తుతానికి నావి సమంగానే చెరుగుతున్నాయి. కానీ సమంగా లేని రోజు వస్తే, సమంగానే ఉన్నాయని నా కళ్ళే నాకు అబద్ధం చెబుతాయి. నీకున్న గుండె నాకు లేదు బావా. పక్క కుర్చీ ఖాళీ అయిపోయింది, ఎవరికి చూపించను? వణికింది నీ చెయ్యి, నీ చూపు కాదు కదా. వారానికోసారి షాపుకొచ్చి నా రాయి చూడు. ఇంతమందిలో అడుగుతున్నాను, కాదనకు.

(బావగారు కుర్చీలోంచే: "వస్తాలేరా. కానీ ఇక చాలని నేనన్న రోజు కత్తి దించాలి. నాతో పోట్లాడినట్టు పోట్లాడకూడదు.")

పోట్లాడను బావా. ఆ రోజే దించేస్తాను.

మీరంతా విన్నారు, మాట తప్పితే నిలదీయండి. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.