మిల్లు ఎత్తు మీద నత్త బస్సు

“నత్తా! ఓ నత్తా! నీ కడుపు చల్లగుండ!” అని కిటికీలోంచి అరిచింది నేనే, ఇంకెవరు? దానికి అంత సిగ్గుపడి సైకిలు తోసుకుంటూ పారిపోయి రావాలా? ఆ బస్సు డ్రైవరు పాపం తల బయటపెట్టి పైకీ కిందకీ చూశాడు. ఎవరో ముసల్ది తిడుతోందనుకుని ఉంటాడు. తిట్టలేదే తల్లీ, మెచ్చుకున్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు గానీ నేను మలుపు దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. ముందు నువ్వు, భుజాలు ఎగరేసుకుంటూ తొక్కుతున్నావు. నీ వెనక ఏనుగంత బస్సు. దాని వెనక ఆ తెల్లకారు వాడు, పీ పీ పీ అని ప్రాణం తోడేస్తున్నాడు, వాడి కొంప అంటుకుపోతున్నట్టు. అయినా బస్సువాడు నిన్ను తరమలేదు, పక్కనుంచి దూరి రాసుకుంటూ పోలేదు. నువ్వు మన సందులోకి తిరిగేదాకా అలా ఊరికే నీ వెనకే వచ్చాడు. అచ్చం నత్తే. చూసి ఎన్నేళ్ళయిందో, నోరు ఆగలేదు. ఏంటీ? నత్త ఎవరా? చెప్తా కూర్చో. ముందు ఆ మోచెయ్యి ఇటు చూపించు. ఇది ఇవాళ్టిది కాదే! కారు అద్దం తగిలిందా? ఎప్పుడు? మీ అమ్మకి చెప్పలేదా? మంచిపని చేశావు, చెప్తే సైకిలు అటకెక్కించేస్తుంది. మంట ఉందా? లేదు కదా. పోనీలే, తోలు గీసుకుపోవడంతో పోయింది.

నత్త అనేది మేం పెట్టిన పేరు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, జీతం ఇచ్చేటప్పుడు పిలుస్తారుగా. బస్సు తోలేవాడు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, దారం మిల్లులో పని. మిల్లేమో కొండ మీద, మేమంతా కింద. మధ్యలో ఒకటే రోడ్డు, నిట్టనిలువు ఎత్తు. ఇప్పుడు నువ్వు తొక్కేదానికి గేర్లున్నాయి, అవేవో నొక్కుతావు, అది ఎక్కుతుంది. మా సైకిళ్ళకి గేర్లేంటి, సగం వాటికి బ్రేకులే లేవు. పొద్దున కూత కూయగానే మిల్లు గేటు మూసేసేవాళ్ళు. ఆ వాచ్‌మన్ ఉన్నాడే, వాడికి సొంత చెల్లెలు ఎదురుగా నిలబడినా జాలి లేదు. “రేపు రండమ్మా, రేపు” అనేవాడు, ఏదో పెళ్ళికి పిలిచినట్టు. దాంతో ఏం చేసేవాళ్ళం? ఎత్తు మొదట్లో కాచుకుని కూర్చునేవాళ్ళం. నత్త బస్సు వచ్చేది. దాని వెనక టాపు మీదకి ఎక్కే ఇనుప నిచ్చెన ఉండేది చూడు, అది ఒక చేత్తో పట్టుకునేవాళ్ళం. ఇంకో చెయ్యి హ్యాండిలు మీద. అంతే, కాళ్ళు ఆడించక్కర్లేదు, రాణీగారిలా ఎత్తు మీదకి ఊరేగడమే. ఒక్కో రోజు ఆ నిచ్చెనకి చీమలు పట్టినట్టు పట్టేవాళ్ళం. ఆ మొహం అలా పెట్టకు. తప్పని మాకూ తెలుసు. గేటు మూసేస్తారన్న దాని ముందు తప్పు గుర్తొస్తుందా?

నత్తకి మేమంటే ఒళ్ళు మంట. ముక్కు మీద కోపం మనిషికి. పొట్టిగా ఉండేవాడు, సీటు మీద దిండు వేసుకుని దాని మీద కూర్చునేవాడు. ఎండైనా వానైనా ఆకుపచ్చ స్వెట్టరు. వెనక నిచ్చెన కిర్రుమంటే చాలు, బస్సు ఆపేసి, చక్రం కింద పెట్టే చెక్కదిమ్మ చేత్తో పట్టుకుని దూకేవాడు. “దిగండి! వదలండి! చస్తే ఎవడిదే బాధ్యత? మీ అమ్మానాన్నలకి నేను చెప్పుకోవాలా?” అని మా వెంట పడేవాడు. పరిగెత్తేవాళ్ళం. వాడు వెళ్ళి ఎక్కి కూర్చోగానే మళ్ళీ వచ్చి పట్టుకునేవాళ్ళం. ఇదంతా లోపల జనానికి నాటకం చూసినట్టే. కానీ ఎత్తు మీద ఆ బస్సు నడక చూడాలి నువ్వు! పరిగెత్తే కుర్రాడు దాటిపోయేవాడు. లోపల కూర్చున్నవాళ్ళు, “ఒరే నత్తా, దిగి తోయమంటావా? నేను మిల్లుకి బయల్దేరాను రా, పింఛనుకి కాదు” అని గోల. దానికి ఎప్పుడూ ఒకటే జవాబు: “ఇంజను లాగట్లేదు సార్.” డిపోలో మెకానిక్కులు ఆ ఇంజను విప్పారు, బిగించారు, అది మార్చారు, ఇది మార్చారు. మర్నాడు మళ్ళీ అదే నడక, అదే మాట. ఎత్తు అయిపోయిన చోట ఒక కల్వర్టు ఉండేది, అక్కడ్నుంచి చదును రోడ్డు. అక్కడ మేం చేతులు వదిలేసి, పక్కకి తప్పుకుని, వాణ్ణి ఏడిపించడానికి గంటలు కొట్టేవాళ్ళం. అంటే “ఇవాళ కూడా నిన్ను ఏమార్చాంలే” అన్నట్టు. నాది ఐసుబండి వాడి దగ్గర సంపాదించిన గంట. హ్యాండిలుకి ఎడమవైపు బిగించుకున్నాను. బొటనవేలితో నొక్కితే వీధి వీధంతా లేచి కూర్చునేది. అందుకే నన్ను గంటమ్మ అనేవాడు. “ఆ గంటమ్మ ఒక్కత్తి చాలు నా ప్రాణం తియ్యడానికి” అని కండక్టరుతో అనేవాట్ట. మా గంటలు మోగగానే బస్సు తాడు తెంపుకున్న దూడలా దూకి పోయేది. అది చూసి ఇంకా నవ్వేవాళ్ళం, కోపంతో పోతున్నాడని.

సాయంత్రం ఇంకో యుద్ధం. దిగేటప్పుడు రోడ్డంతా మాదే. బ్రేకులు లేవన్నానా, చెప్పు అడుగుని ముందు చక్రానికి ఆనించి ఆపేవాళ్ళం. చెప్పులు అరిగిపోయేవి గానీ సైకిలు ఆగేది కాదు. వెనక నత్త బస్సు హారను మోత. మేం ఒక్క అంగుళం జరగం. “రోడ్డు నీ అబ్బదా?” అని మేము. “మీ అబ్బది కూడా కాదు, ఇద్దరి అబ్బలకీ చెప్పి రండి” అని వాడు. ఇప్పుడు నువ్వు కార్లవాళ్ళని తిడతావు చూడు, అలాగే తిట్టేదాన్ని. వాళ్ళకి ఇనుపపెట్టె ఉంది, మనకి తోలు తప్ప ఏముంది, ఆ మాట నిజమే. కానీ ఆ పెట్టెలో కూర్చున్నవాడికి మనం ఎలా కనపడతామో నాకు ఆ రోజు దాకా తెలీదు.

ఆ రోజు వాన. పెద్ద వాన కాదు, తుంపర. మొహం మీద ఎవరో దువ్వుతున్నట్టు ఉండే వాన. నాకు అలాంటి పొద్దులంటే ఇష్టం, రోడ్డు మెరుస్తూ ఉంటుంది, కింద ఇళ్ళన్నీ పొగలో తేలుతూ ఉంటాయి. అలా చూస్తూ తొక్కేదాన్ని కాబట్టే ఎప్పుడూ అందరికన్నా వెనక. సరే, బస్సు వచ్చింది, పట్టుకున్నాను. ఆ నిచ్చెన తుప్పు అరచేతులు కోసేసేది. మిల్లులో జుట్టు యంత్రానికి చిక్కకుండా తలకి గుడ్డ కట్టుకుంటాం కదా, ఆ గుడ్డ విప్పి, చేతికీ మెట్టుకీ కలిపి రెండు చుట్లు చుట్టి పట్టుకునేదాన్ని. ఆడవాళ్ళందరం అంతే. పొడిగా ఉంటే వేళ్ళు వదలగానే జారిపోయేది. తడిస్తే ఏమవుతుందో ఎవరికి తోచింది! కల్వర్టు వచ్చింది. అందరూ వదిలారు. నేనూ వేళ్ళు వదిలాను. చెయ్యి రాలేదు. లాగాను. లాగేకొద్దీ ఆ తడిగుడ్డ ఇంకా బిగిసింది. కుడిచెయ్యి హ్యాండిలు వదిలితే పడతాను, ఎడమచెయ్యి రాదు. అరిచాను. ఇంజను చప్పుడులో ఎవరికి వినపడుతుంది? వెనకవాళ్ళు గంటలు కొట్టుకుంటూ ఆగిపోయారు. వాళ్ళలో మీ తాత, అప్పటికి ఏమీ కాడులే, నేనేదో గొప్ప చూపిస్తున్నాననుకుని ఈల వేశాడు. ఆ ఈలకి పెళ్ళయ్యాక కూడా తిట్లు తిన్నాడు.

లోపల ఏం జరుగుతోందో తర్వాత కండక్టరు చెప్పాడు. ఎవరో ఫిర్యాదు చేశారట, ఈ బస్సు మిల్లు ఎత్తు మీద పాకుతోందని. డిపో ఆఫీసరు స్వయంగా వచ్చి, ఆ రోజే, నత్త పక్కనే కూర్చున్నాడు. “ఏమయ్యా, ఇంజను లాగట్లేదంటావు, నాకు శుభ్రంగా వినపడుతోందే? తొక్కు, చూస్తా.” “లాగదండి.” “లాగుతుందో లేదో నేను చెప్తా, నువ్వు తొక్కు.” నత్త తొక్కలేదు. కల్వర్టు దాటింది. గంటలు మోగాయి. రోజూ అయితే అక్కడే దూకాలి కదా? దూకలేదు. ఆఫీసరుకి ఒళ్ళు మండిపోయింది. “ఇప్పుడు ఎత్తు కూడా లేదుగా? ఇప్పుడేం రోగం? నా ఎదుటే వేషాలా? రేపట్నుంచి నీకు స్టీరింగు లేదు, డిపోలో బస్సులు కడుక్కో పో!” లోపల జనం కూడా అందుకున్నారు. “అదీ, అలా అడగండి సార్.” వెనకనుంచి ఏదో కారు, ఇవాళ్టి నీ తెల్లకారు లాగే, పీ పీ. అన్ని నోళ్ళ మధ్య నత్త తల కొంచెం పక్కకి వంచి, ఏదో వింటున్నవాడిలా కూర్చున్నాట్ట. “గంటమ్మది మోగలేదు” అన్నాట్ట. కండక్టరుకి అర్థం కాలేదు.

ఇటు నేను! నాకు ఆఫీసరు సంగతి ఏం తెలుసు? మొహం నిండా పొగ. ఇప్పుడు దూకుతుంది, ఇదిగో ఇప్పుడు దూకుతుంది అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. దూకితే ఏముంది, సైకిలు అటు, నేను ఇటు, చెయ్యి బస్సుతో. అది దూకలేదు తల్లీ. పోనీ టక్కున ఆపినా నా మొహం వెళ్ళి నిచ్చెనకి కొట్టుకునేది. అలా కూడా ఆపలేదు. నిండుకుండ దించినట్టు దించాడు ఆ బస్సుని. ఎప్పుడు ఆగిందో కూడా తెలీలేదు నాకు. కాలు నేలకి తగిలితే తెలిసింది. ఏంటే, నువ్వెందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నావు? నేను నీ ఎదురుగానే ఉన్నానుగా, పళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి. ఉద్యోగమా? పోలేదే, పోలేదు. ముసలాడయ్యేదాకా ఆ రోడ్డు మీదే తిప్పాడు. ఆ నిచ్చెన పీకించేశారు. ఆఫీసరే మిల్లువాళ్ళతో మాట్లాడి గేటు కాస్త ఆలస్యంగా మూసేట్టు చేశాడు, మేం ఎత్తు మీద సైకిళ్ళు తోసుకుంటూ నడిచిపోయేవాళ్ళం. నత్త పక్కనుంచి పోతూ చెయ్యి ఊపేవాడు. ఒక్క ప్రాణి మీదకి చక్రం ఎక్కించకుండా తోలి తోలి, చివరికి ఇంట్లో మంచం మీద, నిద్రలోనే పోయాడు. నేను వెళ్ళి చూసొచ్చాను. నవ్వుతున్నట్టే ఉన్నాడు. బతికుండగా ఎప్పుడైనా నవ్వితే కదా పోల్చుకోవడానికి.

ఎక్కడున్నాం? ఆఁ, ఆపాడు. ఆపి దిగి, అలవాటు కొద్దీ ఆ చెక్కదిమ్మ పట్టుకునే వెనక్కి వచ్చాడు. ఇవాళ నన్ను కొట్టేస్తాడనుకున్నాను. నన్ను చూశాడు, నా చెయ్యి చూశాడు. చెక్క జారిపోయింది. ఒక్క తిట్టు లేదు. బిగిసిన ఆ చుట్లు వేళ్ళకి లొంగలేదు, పళ్ళతో పట్టి లాగి విప్పాడు. విప్పి, నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, అలాగే తడిరోడ్డు మీద కూలబడిపోయాడు, ఆకుపచ్చ స్వెట్టరు బురదలో. అప్పటికి బస్సులోవాళ్ళంతా దిగారు. ఇందాకటి దాకా కూతలు కూసినవాళ్ళే నా సైకిలు లేపి పట్టుకున్నారు. ఆఫీసరు గొడుగేసుకుని వచ్చాడు. నా చెయ్యి చూశాడు, నిచ్చెనకి వేలాడుతున్న తడిగుడ్డ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఏమయ్యా, వెనక వీళ్ళున్నారని నీకు తెలుసా? రోజూ తెలుసా? మరి ఇన్నాళ్ళూ ఇంజను లాగట్లేదని ఎందుకు చెప్పావు?” అన్నాడు. నత్త లేవలేదు. ఎవరి మొహమూ చూడలేదు. అంత గొంతున్న మనిషి, ఎత్తంతా వినపడేలా మమ్మల్ని తిట్టినవాడు, ఆ వానలో సన్నగా, పిల్లాడిలా అన్నాడు:

“ఇంజను మంచిదేనండి. వదిలేశామని వీళ్ళు గంట కొట్టేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడదు. భయమని చెప్తే డ్రైవరుగా ఎవరుంచుకుంటారండీ? భయమండి నాకు. రోజూ భయపడుతూనే తోలాను.”