పొట్టలో పోలీసులు

సకల జనుల సమ్మె రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీదే వంటావార్పు సాగుతోంది. విస్తరాకు ముందు కూర్చున్న చిన్నాయన పక్కకు, ఆయన అన్న కూతురు, మెడిసిన్ చదివే పిల్ల, వచ్చి నిలబడింది.

“చిన్నాయినా, పొద్దున సైదాబాద్ వంటావార్పుల తిన్నవట. మళ్ల ఇక్కడనా?”

“ఉద్యమం బిడ్డా. తినకపోతే ద్రోహి అంటరు.”

“నీ షుగర్ రిపోర్ట్ చూసిన. తెలంగాణ కంటె ముందు నీ పొట్టకే ప్రత్యేక రాష్ట్రం వచ్చేటట్టుంది.”

“ఒంట్ల ఇన్సులిన్ మస్తుగున్నదని డాక్టరే అన్నడు గదనే! మరి షుగరెందుకు తగ్గుతలేదు?”

“దిల్‌సుఖ్‌నగర్‌ల నీ కిరాణం ముంగట పోలీసులు దిగితే ఏం చేస్తవ్?”

“షట్టర్ గుంజుత.”

“గంతే. పొట్టల కొవ్వు గుంపు పెరిగిందని తెల్ల రక్తకణాలు పోలీసుల లెక్క దిగినయ్. రోగమొస్తే కొట్లాడి పోవాల్సినయి, ఏ రోగం లేకున్నా అక్కడనే మకాం పెట్టినయ్. ఆ లొల్లికి ఒంట్లున్న కణాలు షట్టర్లు గుంజుకున్నయ్. చక్కెరను లోపలికి తీసుకొమ్మని ఇన్సులిన్ వచ్చి షట్టర్ ఎంత కొట్టినా తీస్తలేవు. చక్కెర లోపలికి పోక రక్తంల్నే తిరుగుతున్నది.”

“మరి గా పోలీసులెట్ల పోతరు?”

“గుంపు పలచబడితే వాళ్లే జరుగుతరు. తక్కువ తిను, ఎక్కువ నడువు.”

“రేపటి సంది చేస్త తియ్యి.”

“షుగర్ ముదిరితే కండ్లు పోతయ్ చిన్నాయినా. తెలంగాణ వచ్చిన్నాడు చూసేటందుకు ఉండాలె గద.”

ఆయన విస్తరాకును మెల్లగా పక్కాయన ముందుకు జరిపాడు.

“గా గంటె ఇటియ్యి. ఇయ్యాల తినేది లేదు, వడ్డిస్త.”

“నడుసుడు మొదలుపెట్టు మరి. బంతి కొత్తపేట దాక ఉన్నది.”