ఉరుముల మబ్బు ముందు వెనక్కి తిరిగినవాడు

సభాధ్యక్షురాలు సిరీష గారికి, నాకు శాలువా కప్పిన బాన్సువాడ పెద్దలకు, నాతో ఒకే బెంచీ మీద చదివిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న నా ఆఖరి విద్యార్థిని, ఈ ఊరి బిడ్డ ఆలియాకు నమస్కారం.

మొన్న నా ఉద్యోగంలో చివరి రోజు. మహారాష్ట్రలో నేను పాఠాలు చెప్పిన విమాన శిక్షణ కేంద్రంలో పిల్లలు చిన్న విమానం తలుపుకు బంతిపూల దండ కట్టారు. నాతో ఆఖరిసారి ఒక చుట్టు తిప్పించాలని వాళ్ల కోరిక. పడమట ఉరుముల మబ్బు లేచింది. వద్దన్నాను. దండ విప్పాం, చాయ్ తాగాం, తాళాలు అప్పజెప్పి బస్సెక్కాను. అంతే.

ఆలియా మాత్రం వాదించింది. "సార్, నాకు రేటింగు వచ్చె. మీకు ఎప్పటిసందో ఉండె. ఇగ ఫికర్ ఏంది సార్, పోదాం!" (నవ్వులు) నవ్వకండి, ఆమె అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటే, బయట ఏమీ కనిపించనప్పుడు ఎదురుగా ఉన్న మీటర్లను చూసి విమానం నడపగలరని పరీక్ష పెట్టి ఇచ్చే అర్హత. నేర్పేటప్పుడు బయట కనబడకుండా విద్యార్థి నుదుటికి అడ్డు కడతాం. కాసేపటికి విమానం ఒక పక్కకు ఒరిగిపోతున్నా శరీరం మాత్రం నిటారుగానే ఉన్నానని ఒట్టేసి చెబుతుంది. ఆ ఒట్టును కాదని మీటరును నమ్మడమే ఆ చదువంతా. మా తాజుద్దీన్, అదుగో నవ్వుతున్నాడు, ఎప్పుడూ అడిగేవాడు: "ఏంది రూప్‌సింగ్, మబ్బుల ఎదురుంగ ఇంకోటి వస్తె హారన్ కొడ్తరా?" (నవ్వులు) కొట్టం తాజుద్దీన్. కింద నుంచి రేడియోలో దారి చెప్పేవాళ్లుంటారు.

కానీ మామూలు మబ్బు వేరు, ఉరుముల మబ్బు వేరు. దాని లోపలి గాలి చిన్న విమానాన్ని విరిచేయగలదు. అక్కడ ఏ రేటింగూ అక్కరకు రాదు. కొత్తగా అర్హత వచ్చినవాళ్లు చేసే తప్పు ఇదే: జేబులో కాగితం ఉంది కదా అని లోపలికి పోతారు.

నా చేతిలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదని సిరీష గారు అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. వింటూ కూర్చోవడం కష్టమైంది.

పోయిన వానాకాలం నా భార్య ధర్మి నిజామాబాద్ దవాఖానలో ఉంది. ఆమె తమ్ముడు భిక్యా ఫోన్ చేశాడు. "బావా, అక్క నిన్నే అడుగుతున్నది. జల్ది రా." శిక్షణ కేంద్రం యజమాని విమానం ఇచ్చాడు. నాందేడ్‌లో దిగి అక్కడి నుంచి కారులో రావాలనుకున్నాను. సగం దారిలో ఎదురుగా ఉరుముల మబ్బు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పక్క నుంచి పోయే సందు లేదు. వెనక్కి తిప్పాను. రోడ్డు మీద వచ్చి చేరేసరికి ధర్మి లేదు.

భిక్యా నా ముఖం చూసి ఒకటే అడిగాడు. "మబ్బుల నడిపేటందుకే గద బావా, నీకు గా కాగితం ఇచ్చింది?"

శవం పక్కన వాతావరణం గురించి ఎవరు మాట్లాడతారు?

అప్పటి నుంచి అతను నాతో మాట్లాడటం లేదు. ఈ సభకు పిలిచాను. రాలేదు.

మొన్న ఆలియా అడిగిందీ అదే. ఆమెకు జవాబు చెప్పగలిగాను: వెనక్కి తిరగడం తెలియనివాళ్లకు ఆ రేటింగే ఇవ్వకూడదు. మరో ఏడాది ఉండమని యజమాని అడిగాడు. అలసిపోయాను, ఉండలేనన్నాను.

వెనక్కి తిరగడం సరైన పనే. ఇవాళైనా అదే చేస్తాను. ధర్మి అడిగినప్పుడు నేను పక్కన లేను, అదీ నిజమే. మొదటిది రెండోదాన్ని మాన్పదు. ఆలియా, తిరిగి వచ్చినందుకు రేపు నిన్నూ ఎవరో నిలదీస్తారు. వాళ్లకు ఏం చెప్పాలో నేను నీకు నేర్పలేదు. నాకూ రాదు.

పిలిచి గౌరవించినందుకు అందరికీ కృతజ్ఞుణ్ణి. ఇక సెలవు ఇప్పించండి. రేపు పొద్దున మొదటి బస్సుకు జుక్కల్‌లో భిక్యా ఇంటికి పోతున్నాను. తలుపు తీయకపోతే వాకిట్లో కూర్చుంటాను. ధర్మి చిన్నప్పుడు ఎట్లా ఉండేదో చెప్పగలిగినవాడు నాకు ఇప్పుడు అతనొక్కడే.