రెండు ఖాళీ బండ్లు

మిట్టమధ్యాహ్నం బద్వేలు లారీ స్టాండులో సిమెంటు దించి, తిరుగుదారికి శెనక్కాయ మూటలు ఎక్కించుకున్న ఎర్రగుంట్ల డ్రైవరు ఏసన్నకు ఆ ఊరి లారీల యూనియన్ పెద్ద అడ్డంగా నిలబడ్డాడు.

“ఈడ సీరియల్ ఉండాదప్పా. మా బండ్లు పదకొండు వరసలో నిల్చోనుండాయి. నువ్వెట్ల లోడెత్తుకుంటావు? దింపు.”

“దింపితే ఖాళీగా పోవల్ల కదన్నా. ఎనభై కిలోమీటర్లు ఊరికే డీజిలు కాల్చి, దావ పొడుగునా పొగ వదులుకుంటా పోవల్ల.”

“పొగ సంగతి నాకెందుకు? మావోళ్ల వంతు పోతాది.”

“నేను సిమెంటు తెచ్చి ఖాళీగా పోతాండా. మీ బండ్లు శెనక్కాయలు మా ఊర్లో దించి ఖాళీగా వస్తాండాయి. మైదుకూరు కాడ రెండూ దినాం ఎదురెదురు పడ్తాండాయి. ఇది తెలివుండే పనేనా?”

పెద్ద గొంతు తగ్గించాడు.

“శానా బాగా చెప్పినావు. పోయిన శుక్రవారం ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ మా తమ్ముడు గూడా ఇదే చెప్పినాడంట. ఎవరూ వినలేదంట. వాని బండెక్కి, తిరుగుదారికి ఎత్తుకున్న సిమెంటు మూటలు దింపించినోడు ఎవరప్పా?”

“నేనేన్నా,” అన్నాడు ఏసన్న.

“ఆ పొద్దు వానికి నువ్వేం జవాబిచ్చినావు? చెప్పు.”

“పొగ సంగతి నాకెందుకన్న్యాను,” అంటూ ఏసన్న టార్పాలిన్ తాడు ముడి తనే విప్పసాగాడు.